నికఫర్ వద్దన్న ప్యానెళ్ళు

నికఫర్‌కి ఊళ్ళోవాళ్ళు పెట్టిన పేరు ముక్కుముడి. ఆ ఊళ్ళో ఔనంటే కనుబొమలు ఎగరేస్తారు, కాదంటే ముక్కు ముడుస్తారు, నోటికి పని తక్కువ. నికఫర్ ముక్కు మాత్రం ఇరవై రెండేళ్ళుగా ముడుచుకునే ఉందని ఆడవాళ్ళు చేపలు ఆరేస్తూ నవ్వుకునేవాళ్ళు. "పెళ్ళిలో ఫాదర్ ఈ పిల్ల నీకు ఇష్టమేనా అంటే, ఉండండి తట్టి చూస్తానన్నాడంట" అని ఒకావిడ అంటే, "తట్టే ఉంటాడు, ఆ మహాతల్లి గట్టిది కాబట్టి నెగ్గింది" అని ఇంకొకావిడ అందుకునేది. ఆ భార్య పోయి ఆరేళ్ళయింది. నవ్వులు మాత్రం పోలేదు.

అతని పని అలాంటిది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. అలాస్కాలో, కస్కోక్విమ్ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో పెళ్ళి తేలిక. చర్చి ఉంది, చేపలున్నాయి, చుట్టాలున్నారు. ఇల్లే కష్టం. చుట్టూ కనుచూపు మేర చెట్టన్నది లేదు. నేల నిలువునా గడ్డకట్టిన మంచు. ఇంటికి కావలసిన మేకు దగ్గర్నుంచి కప్పు దాకా, నదిలో నీళ్ళు పారే నాలుగు నెలల్లోనే పడవ మీద రావాలి. ఆ పడవ ఏడాదికి రెండుసార్లు వస్తుంది. రానిది వచ్చే ఏడే.

గోడా కప్పూ కూడా ప్యానెళ్ళే. చెక్కపేళ్ళని జిగురుతో అదిమి చేసిన అట్టలు రెండు, వాటి మధ్య జానెడు మందాన థర్మాకోల్, మూడిటినీ కలిపి అంటించేస్తారు. చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది గానీ, మంచి ప్యానెల్ మీద మనిషి లోతు మంచు పడ్డా ఉలకదు, లోపల పొయ్యి వేడి బయటికి పోనివ్వదు. మంచిదయితేనే. ఆ సంగతి తేల్చడం నికఫర్ పని. ఇళ్ళ సంస్థవాళ్ళు ఒకప్పుడు పట్నంలో రెండు వారాలు నేర్పించి పంపారు. మిగతాది చేత్తో నేర్చుకున్నాడు.

ముందు వేలి కణుపుతో తట్టేవాడు, మూల నుంచి మూలకి. అంటుకున్నచోట మోత బిగువుగా వస్తుంది, అంటుకోనిచోట డొల్లగా పలుకుతుంది. తరవాత అంచు మీద బొటనవేలి గోరు నొక్కేవాడు. తడి తాగిన అట్ట అంచు ఉబ్బి, గోరు దిగుతుంది. ఆఖరుది కోత. కిటికీ కోసం ఎలాగూ కోసేసే చోటునుంచో, చూరు బయట కత్తిరించేసే కొసనుంచో రెండు వేళ్ళ వెడల్పు ముక్క కోసి, రెండు అట్టల్నీ రెండు చేతులతో పట్టుకుని చీల్చేవాడు. చీల్చినప్పుడు థర్మాకోల్ చిరిగి, అటూ ఇటూ పొక్కులు పొక్కులుగా మిగలాలి. అది మంచి ప్యానెల్. అలా కాకుండా అట్ట నున్నగా, ఉడికిన గుడ్డు పెంకులా ఊడొచ్చిందా, జిగురు చచ్చినట్టే. అప్పుడు నికఫర్ ముక్కు ముడిచేవాడు. పక్కనున్నవాళ్ళు ఏమీ అడక్కుండా ఆ ప్యానెల్ని అవతల పెట్టేసేవాళ్ళు.

నోరెందుకు విప్పడు అంటే, విప్పకూడదు. నది తెచ్చినదానికి వంక పెట్టకూడదని, రాబోయే చెడుని నోటితో అనకూడదని అక్కడ పాలు తాగే పిల్లలకే నూరిపోస్తారు. చేప చిన్నదని మొహం చిట్లిస్తే వచ్చే ఏడు చేపే రాదు. వేటకెళ్ళేవాణ్ణి జాగ్రత్త, మునిగిపోతావేమో అన్నావా, వాణ్ణి నువ్వే ముంచావు. అలాంటి ఊళ్ళో తప్పు పట్టడమే ఉద్యోగమైన మనిషికి ముక్కు ఒక్కటే దారి. నోటితో ఏమీ అనలేదు కదా అని తనకు తాను సర్దిచెప్పుకునేవాడు.

అయితే అతను పుట్టుకతో ముక్కుముడి కాదు. మొదటి ఏడు వచ్చిన ప్యానెళ్ళలో ఒక కట్ట తడిసి వచ్చింది. నికఫర్ దాన్ని తడుతూ తటపటాయిస్తుంటే పెదనాన్న ఎఫీమ్ వచ్చి నిలబడ్డాడు. చర్చిలో ప్రార్థనలు చదివే పెద్దమనిషి, ఆయన మాటంటే ఊరికి వేదం.

"ఏంట్రా, పెళ్ళికూతురి పళ్ళు లెక్కపెట్టినట్టు అలా చూస్తున్నావు? నది ఇంటిముందుకి తెచ్చి పెట్టింది. తీసుకో, దణ్ణం పెట్టు."

నికఫర్ తీసుకున్నాడు, దణ్ణం పెట్టాడు, బాగున్నాయని సంతకమూ పెట్టాడు. ఆ కట్ట మట్రోనా అనే వితంతువు ఇంటికి కప్పయింది. ఇంట్లో ఏడుగురు, పొద్దస్తమానం పొయ్యి మీద మరిగే కుండ, తాళ్ళ మీద తడి బట్టలు. ఆ ఆవిరంతా అతుకుల్లోంచి పైకెక్కి, అక్కడ చలికి నీరై, ముందే చచ్చిన అట్టని కుళ్ళబెట్టింది. మూడో ఏడు వసంతంలో నడికప్పు నుంచి నల్లటి జిగట కారితే నికఫర్ పైకెక్కి చూశాడు. కాలు మోకాలి దాకా దిగబడింది. చేత్తో తీస్తే అట్ట నానిన రొట్టెలా వచ్చింది. ఇల్లు మూసేశారు. మట్రోనా పిల్లలు తలా ఒక ఇంట్లో పెరిగారు. ఆవిడ నికఫర్‌ని పల్లెత్తు మాట అనలేదు. ప్రతి ఏడూ మొదటి చేపలో అతనికి భాగం పంపుతూనే ఉంది. తిట్టినా బావుండేదని అతను ఇప్పటికీ అంటాడు.  ఆ తరవాత అతను ఎవరి మాటా విని సంతకం పెట్టలేదు.

అతని కూతురు ఒకలేనా. ఆమె, భర్త ఎవాన్, వాళ్ళ నలుగురు పిల్లలు నికఫర్ ఇంట్లోనే ఉండేవాళ్ళు. నికఫర్, పెళ్ళికాని ఇద్దరు కొడుకులు కూడా కలిపితే రెండు గదుల్లో తొమ్మిదిమంది. ఒకరికి దగ్గొస్తే అది వరసపెట్టి తొమ్మిదిమందినీ చుట్టి మళ్ళీ మొదటివాడి దగ్గరికి వచ్చేది.

పిల్లల్లో ఆఖరుది అర్నాక్. అది పుట్టడానికి రెండు నెలల ముందు నికఫర్ తల్లి పోయింది, ఆమె పేరే పిల్లకి పెట్టారు. పేరు పెట్టారంటే మనిషి తిరిగొచ్చినట్టే. అందుకని యాభై ఏళ్ళ నికఫర్ రెండేళ్ళ పిల్లని "అమ్మా" అనేవాడు. ఎనభై దాటిన ఎఫీమ్, తమ్ముడి భార్య తిరిగొచ్చిందని, "ఏం మరదలా, టీ తాగావా?" అని పలకరించేవాడు. పిల్లకి అదంతా మహా హుషారు. ఎండుచేప ముక్క కావాలంటే నికఫర్ మోకాలి మీద కొట్టి, "ఒరే, తే" అనేది. తల్లి ఆజ్ఞ అని అతను లేచి తెచ్చేవాడు. ముక్క నమిలి మెత్తచేసి, సీలు అనే సముద్రపు జంతువు కొవ్వు నూనెలో అద్ది నోట్లో పెట్టేవాడు.

ఆ పిల్లకి ఊపిరితిత్తులు బలహీనం. రెండు చలికాలాలూ విమానంలో ఆసుపత్రికి మోసుకెళ్ళారు. రెండోసారి డాక్టరమ్మ ఒకలేనాని కూర్చోబెట్టి, "మందులు నేనివ్వగలను. పొడిగా, వెచ్చగా, ఇంతమంది లేని ఇల్లు నేనివ్వలేను. మూడో చలికాలం ఈ పిల్ల ఆ గదిలో గడపకూడదు" అని చెప్పింది. ఆ మాట ఒకలేనా ఇంటికొచ్చి తండ్రికి అక్షరం పొల్లు పోకుండా ఒప్పజెప్పింది.

ఆ ఏడు ఊరికి నాలుగు కొత్త ఇళ్ళు మంజూరయ్యాయి. నాలుగోది ఒకలేనాది. మొదటి పడవలో మూడిళ్ళ సామాను వచ్చింది, ఇళ్ళు లేచాయి, చేరవలసినవాళ్ళు పదేసిమంది చొప్పున చేరిపోయారు. నాలుగో ఇంటి సామాను రెండో పడవలో, సెప్టెంబరు ఆఖరున దిగింది. అప్పటికే తెల్లారేసరికి బకెట్లో నీళ్ళ మీద పొర కడుతోంది. కింది రేవులో మూడు వారాలు వానలో పడున్నాయట ప్యానెళ్ళు. మీది ప్లాస్టిక్ చిరిగి జెండాలా ఎగురుతోంది.

ఒకలేనా పిల్లని వీపున, కోటు వెనక సంచిలా వేలాడే పెద్ద టోపీలో కూర్చోబెట్టుకుని ఒడ్డుకొచ్చింది. ఊరు సగం వచ్చింది. నికఫర్ తట్టడం మొదలుపెట్టాడు. గోడల ప్యానెళ్ళన్నీ బిగువుగా పలికాయి. ఒక్కొక్కటి దాటుతుంటే ఎవాన్ మొహం విప్పారింది. "మావయ్యగారూ, ఇంకో మూడు వారాలు మంచు ఆగితే చాలు, పిల్లలు కొత్తింట్లో పడుకుంటారు" అన్నాడు.

కప్పు ప్యానెళ్ళు పదహారు. మొదటిది డొల్లగా పలికింది. నికఫర్ ఇంకోచోట తట్టాడు. వంగి అంచు మీద గోరు నొక్కితే దిగింది. కొస కోసి చీల్చాడు. అట్ట నున్నగా ఊడొచ్చింది, ఒక్క తెల్ల పొక్కు కూడా అంటుకోలేదు. రెండోదీ అంతే. పదహారూ కోసే దాకా అతను తలెత్తలేదు. అయిదు బాగున్నాయి, పదకొండు చచ్చాయి. అయిదింటితో కప్పు లేవదు.

అతను ముక్కు ముడిచాడు. ఈసారి ఎవరూ ప్యానెళ్ళని అవతల పెట్టడానికి కదల్లేదు.

ఇళ్ళ సంస్థలో ఈ పనులు చూసే క్రూగర్‌కి ఫోన్ చేశాడు. అతను చెడ్డవాడు కాదు, దూరంలో ఉన్నవాడు. "నువ్వు సంతకం పెడితే కట్టుకోండి నికఫర్, నేను అడ్డు చెప్పను. పెట్టకపోతే కొత్తవి పంపిస్తా, కానీ పడవ జూన్‌లోనే. విమానంలో పట్టవవి, నీకూ తెలుసు" అన్నాడు. నికఫర్‌కి తెలుసు.

ఎవాన్ నచ్చజెప్పబోయాడు. "పొడుగు మరలు తెచ్చి పైనించి కిందికి బిగిద్దాం. లోపల ప్లాస్టిక్ పరుద్దాం. ఒక్క చలికాలం గడిస్తే చాలు, వేసవిలో విప్పేసి కొత్తవి వేసుకుందాం."

"మర పట్టుకునేది అట్టని. అట్టని పట్టుకునేది జిగురు. ఆ జిగురే లేదు కదరా" అన్నాడు నికఫర్.

ఎఫీమ్ కర్ర ఊతంతో ముందుకొచ్చాడు. "నీ ఇల్లేరా ఇది. ఊరివాళ్ళ ఇంటికైతే నీ పంతం నీది. ఇంటికొచ్చిందాన్ని కాదనకు, మరదల్ని వెచ్చగా పడుకోనీ."

"మట్రోనా కప్పు కూడా నువ్వే తీసుకోమన్నావు పెదనాన్నా."

ఆ మాటకి ముసలాయన మొహం మాడిపోయింది. అప్పుడు ఒకలేనా పిల్లతో సహా తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఊళ్ళో ఎన్నిటికి ముక్కు ముడిచావు నాన్నా, నేనెప్పుడన్నా అడ్డొచ్చానా? నువ్వు ముడుచుకో, తల తిప్పుకో, నీ ఇష్టం. సంతకం మాత్రం పెట్టు. డాక్టరమ్మ ఏమందో నీకు చెప్పాను. కూలితే నా నెత్తినే కూలనీ."

"నీ ఒక్కదాని నెత్తిన కూలదుగా."

"ఇప్పుడున్న ఇంట్లో ఉంటే మటుకు ఏమవుద్దో నీకు తెలీదా? రెండేళ్ళూ చూళ్ళేదా? తట్టి చూడు నాన్నా, దీని గుండెని తట్టి చూడు, ఏ మోత వస్తదో!"

నికఫర్‌కి ఒళ్ళు తెలియలేదు. ఇరవై రెండేళ్ళు ముక్కుతో అన్న మాట ఆ పూట నోట్లోంచి వచ్చేసింది. "ఈ కప్పు కింద పిల్ల బతకదే!" అని అరిచాడు.

 ఎఫీమ్ చేత్తో అతని నోరు మూశాడు. "అనేశావు కదరా" అన్నాడు. ఒకలేనా టోపీని పిల్ల చెవుల మీదికి లాగేసింది, వినకుండా. కానీ అప్పటికే అన్న మాట అన్నదే. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. గోడల ప్యానెళ్ళ మీద పట్టా కప్పి కట్టారు. కప్పువి పదహారూ ఒడ్డునే ఉండిపోయాయి, వాటి మీద మంచు పడింది.

పిల్లని ఇంకెక్కడన్నా ఉంచుదామా అంటే ఊళ్ళో ఖాళీ గది లేదు. నికఫర్ తన మంచం కిటికీ దగ్గర్నుంచి తీసేసి పొయ్యి పక్కన పిల్లకి వేశాడు. కొడుకులిద్దర్నీ ఆవిరిస్నానాల గుడిసెలో పడుకోమన్నాడు. తడి బట్టలు ఇంట్లో ఆరేయనిచ్చేవాడు కాదు.  ఒకలేనా తండ్రికి టీ ఇచ్చేది, పలకరించేది కాదు. పిల్లకే అవేమీ పట్టవు. మోకాలి మీద కొట్టి "ఒరే, తే" అంటూనే ఉండేది.

దగ్గు ఫిబ్రవరిలో వచ్చింది. ముందు పెద్దపిల్లాడికి, తరవాత ఎవాన్‌కి, తరవాత అర్నాక్‌కి. మిగతావాళ్ళకి ముక్కు కారి తగ్గింది. దానికి డొక్కలు ఎగరేయడం మొదలయింది. ఊరి ఆరోగ్య కార్యకర్త ఆక్సిజన్ పెట్టి విమానానికి ఫోన్ చేసింది. పైలట్ సిద్ధంగానే ఉన్నాడు. మంచుతుఫాను లేచింది. గుమ్మంలో నిలబడితే చాచిన చెయ్యి కనపడలేదు. ఒకరోజు, రెండు రోజులు. నికఫర్ పిల్లని గుండెకి నిలువుగా ఆనించుకుని కూర్చుంటే, ఆ చిన్న వీపులో గాలి ఎక్కడెక్కడ ఆడుతోందో, ఎక్కడ ఆడటం లేదో అతని అరిచేతికి తెలిసిపోతోంది. అలాంటివి తెలుసుకోవడమే కదా అతని చేతులకి వచ్చిన విద్య. మూడోరోజు పొద్దున్న గాలి తగ్గింది. విమానం బయల్దేరిందని కబురొచ్చింది. అది దిగేసరికి పిల్ల పోయింది.

ఊళ్ళో ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. వచ్చారు, టీ తాగారు, రొట్టె, ఎండుచేప తెచ్చి పెట్టారు. నోటితో అన్నాడు, జరిగింది అని వాళ్ళ కళ్ళలో ఉంది. అతని కళ్ళలోనూ అదే ఉంది.

పెట్టె చేయాలి. ఆ ఊళ్ళో శవపేటిక మగవాళ్ళంతా కూడి చేస్తారు. కొట్లో ప్లైవుడ్ అయిపోయింది. ఇంటింటికీ అడిగొచ్చారు, ఎవరిదగ్గరా చిన్న పిల్లకి సరిపడే చెక్క కూడా లేదు. గోడల ప్యానెళ్ళు గట్టివి, విప్పితే ఊడవు, చీలికలవుతాయి. ఎవాన్ తల వంచుకుని, "ఒడ్డున ఉన్నాయి కదా" అన్నాడు. ఏవో చెప్పలేదు. అందరికీ తెలుసు.

మధ్యాహ్నం ఎండ మంచు మీద పడి కళ్ళు పొడుస్తోంది. నలుగురు పారలతో తవ్వి అతను చచ్చాయన్న పదకొండులో ఒక ప్యానెల్ బయటికి లాగారు. ఎవాన్ గునపం తెచ్చాడు. నికఫర్ వద్దని ముందుకొచ్చి, చేతితొడుగులు తీసేసి, అట్ట మూలన వేళ్ళు దూర్చాడు.

అప్పుడు అతని మనసులో ఏముందో తరవాత ఒక్క ఎఫీమ్‌కే చెప్పుకున్నాడు. ఊడకపోతే తను పిల్లని ఊరికే చంపుకున్నట్టు. ఊడితే తన మాట నిజమైనట్టు, అయినా పిల్ల లేనట్టు. లాగాడు. అట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఎక్కడా ఆగకుండా, నున్నగా ఊడి చేతుల్లోకి వచ్చేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు. ఎవాన్ చూశాడు. ఇది నడినెత్తిన ఉండేదని, ఈపాటికి మీద ఎంత మంచుండేదో అందరికీ తట్టింది. నికఫర్‌కి గుండెల మీంచి బరువు దిగినట్టు ఒక్క క్షణం హాయిగా అనిపించింది. పిల్ల ఇంట్లో బల్ల మీద పడుకుని ఉండగా తనకి హాయిగా అనిపించింది. ఆ క్షణాన్ని అతను తనకి తాను ఇప్పటికీ మన్నించుకోలేదు.

పెట్టెకి అడుగు, పక్కలు కోశారు. మూత కొలతలు తీస్తుంటే ఒకలేనా వచ్చి నిలబడింది. సెప్టెంబరు నుంచి తండ్రితో సరిగ్గా మాట్లాడని మనిషి, ఊడదీసిన ప్యానెల్లోని తెల్లటి థర్మాకోల్ వైపు చూపించింది.

"అది కూడా కోసి అడుగున పరుచు నాన్నా. పక్కలకి కూడా పెట్టు. నేలంతా మంచుగడ్డ కదా, దానికి చలి పడదు."

నికఫర్ కనుబొమలు ఎగరేశాడు. వంగి ఆ థర్మాకోల్ మీద బొటనవేలు నొక్కి చూశాడు. తడి తాగి ఉంది. పక్కకి పెట్టేసి రెండో ప్యానెల్ విప్పాడు, అదీ అంతే. ఎవాన్ ఏదో అనబోతే ఎఫీమ్ చెయ్యి పట్టుకుని ఆపాడు. వేళ్ళు కొంకర్లు పోతున్నా తొడుగులు వేసుకోకుండా నికఫర్ ఒక్కొక్కటే తట్టుకుంటూ, నొక్కుకుంటూ పోయాడు. తడి తగలని ముక్క ఏడో ప్యానెల్లో దొరికింది.